అటక దిగని చుక్క, ఒళ్ళోంచి దిగని పండు

ఈ వారం ఉత్తరం విజయవాడ సత్యనారాయణపురం నుంచి వచ్చింది. పేరు వెయ్యొద్దన్నారు కాబట్టి వెయ్యట్లేదు. చాలా పెద్ద ఉత్తరం, అందులో ముఖ్యమైనవి ఇక్కడ చెప్తాను.

ఆవిడకి 34 ఏళ్ళు, ఉద్యోగం చేస్తారు. ఇంట్లో భర్త, అత్తగారు, రెండో క్లాసు చదివే పాప. రెండు బెడ్రూముల ఫ్లాటు. 2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిపోయినప్పుడు అక్కడి పిల్లుల్ని కొన్నిటిని కాపాడి ఇంట్లో పెట్టుకున్న ఒకావిడ ఉన్నారట, ఆవిడ దగ్గర నుంచి ఏడు వారాల క్రితం రెండు పెద్ద పిల్లుల్ని తెచ్చుకున్నారు. నారింజ రంగు మగపిల్లి పండు, నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న నల్ల ఆడపిల్లి చుక్క. రెండింటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయింది, రేబిస్ టీకా కూడా వేయించి కార్డు ఇచ్చారు. పండు వచ్చిన రోజే పాప ఒళ్ళో ఎక్కి పడుకున్నాడు. చుక్క మాత్రం హాల్లో ఫ్రిజ్ మీదనుంచి అటక ఎక్కింది, అంతే, ఎవరైనా మెలకువగా ఉంటే దిగదు. అర్ధరాత్రి మాత్రం కాలుగాలిన పిల్లిలా హాలంతా తిరుగుతుందట. నాలుగుసార్లు అటక మీద పాత పరుపు మీద పాస్ పోసింది. మూడు వారాల క్రితం పాప స్టూల్ ఎక్కి చుక్కని లాగబోతే చేతి మీద గీరింది, రక్తం వచ్చింది. ఆ రోజు నుంచి భర్త "నల్లదాన్ని ఇచ్చేద్దాం, దానికి మనం పడలేదు, పండు ఒక్కడు చాలు" అంటున్నారు. అత్తగారిది ఇంకో బాధ. వాళ్ళది నీచు ముట్టని ఇల్లు, పిల్లులు వంటింట్లోంచి నడవటమే ఆవిడకి కష్టంగా ఉంది, పైగా దసరాల తర్వాత ఆడపడుచు పురిటికి వస్తోంది, అప్పటికి పిల్లులు రెండూ ఇంట్లో ఉండకూడదంటున్నారు. మధ్యలో పాప రోజూ రాత్రి "అమ్మా, చుక్కకి నేనంటే ఇష్టం లేదా" అని అడుగుతోంది. "నేను చేసింది తప్పా, చుక్కని వెనక్కి ఇచ్చేస్తే పాపమా, ఏం చెయ్యాలో చెప్పండి" అని ముగించారు.

అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు నాక్కూడా చుక్కే సమస్య అనిపించింది. రెండోసారి చదువుతుంటే మధ్యలో మీరు మామూలుగా రాసేసిన ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "పండు బంగారం, ఎప్పుడూ వంటింటి గడప మీదే పడుకుంటాడు, చుక్కకి కాపలా కాస్తున్నట్టు అటక వైపే చూస్తూ" అని రాశారు. ఇంకోచోట, తిండి గిన్నెలు, పిల్లులు దొడ్డికి, పాస్‌కి వెళ్ళే మట్టి టబ్బు అన్నీ వంటింటి వెనక వాష్ ఏరియాలో పెట్టామని రాశారు. ఈ రెండూ కలిపి చూడండి. చుక్క ఏం తినాలన్నా, నీళ్ళు తాగాలన్నా, టబ్బుకి వెళ్ళాలన్నా ఆ ఒక్క గడప దాటాలి. ఆ గడప మీద రోజంతా పండు పడుకుని కన్నార్పకుండా దాన్నే చూస్తుంటాడు. మనకది కాపలాలా కనిపిస్తుంది గానీ పిల్లుల మధ్య అలా దారికి అడ్డంగా పడుకుని తదేకంగా చూడటం అంటే "ఇటు రాకు" అని చెప్పటం. అరుపులు, కొట్లాటలు ఏమీ ఉండవు కాబట్టి ఇంట్లో మనుషులకి నెలల తరబడి తెలియదు. చుక్క పరుపు మీద పాస్ పోసింది మీ మీద కోపంతో కాదు, టబ్బు దాకా వెళ్ళే దారి లేక అయ్యుంటుంది. అర్ధరాత్రి తిరిగేది కూడా బహుశా పండు పాప దగ్గర పడుకున్న టైములోనే అయ్యుంటుంది, ఒకసారి గమనించండి.

పండు చెడ్డవాడని నేననట్లేదు, వాడు నిజంగానే మనుషులకి బంగారం. కానీ మనుషులతో ప్రేమగా ఉండటం వేరు, తోటి పిల్లితో ఎలా ఉంటాడన్నది వేరు. 2017లో సౌత్ ఆస్ట్రేలియా యూనివర్సిటీ వాళ్ళు అక్కడా న్యూజిలాండ్లో కలిపి 2,802 పెంపుడు పిల్లుల గురించి యజమానుల్ని అడిగి చూస్తే స్వభావంలో ఐదు వేర్వేరు కోణాలు తేలాయి. భయస్తురాలా కాదా అన్నది ఒకటి, హుషారు, కుతూహలం ఒకటి, వేరే పిల్లుల మీద పెత్తనం చెయ్యటం ఒకటి, ఉన్నట్టుండి తోచినట్టు చేసెయ్యటం ఒకటి, మనుషులతో మంచిగా ఉండటం ఒకటి. పెత్తనం, మంచితనం రెండూ వేరేగా వచ్చాయి చూడండి. అందుకే ఒకే పిల్లిలో రెండూ ఎక్కువగా ఉండొచ్చు. పండు అలాంటివాడే అని నా అనుమానం. ఒకే గదిలో ఉండి వచ్చాయి కాబట్టి స్నేహితులనుకుని ఇద్దర్నీ ఒకేసారి వదిలేశారు మీరు, అందరూ అలాగే అనుకుంటారు. స్నేహమున్న పిల్లులు ఒకదాన్నొకటి నాక్కుంటాయి, ఆనుకుని పడుకుంటాయి, ఎదురుపడితే తోకలు పైకెత్తి రాసుకుని వెళ్తాయి. మీ నాలుగు పేజీల్లో ఇవి ఒక్కటీ లేవు.

ఇక చుక్క పిరికిదా అంటే, అది నాకూ తెలియదు, మీకూ ఇంకా తెలియదు. పిల్లిపిల్లలు పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం దాకా మనుషుల చేతుల్లో ఎంత మెసిలాయన్న దాన్నిబట్టి చాలా ఉంటుంది, తండ్రి పిల్లి స్వభావం కూడా కొంత వస్తుంది. వరదలో ఆవిడకి చుక్క ఒక సన్‌షేడ్ మీద దొరికిందని రాశారు. అది గుర్తుపెట్టుకుని అటక ఎక్కుతోందని చెప్పలేం గానీ ఎత్తుకి వెళ్తే ప్రాణం సేఫ్ అన్నది ఏ పిల్లికైనా ఒంట్లో ఉండే తెలివి. కాబట్టి ఏడు వారాల్లో మీరు చూసింది చుక్క స్వభావం కాదు, దారి మూసుకుపోయిన చోట చుక్క ఎలా ఉంటుందన్నది మాత్రమే. దాని అసలు స్వభావం చూడాలంటే ముందు దారి తెరవాలి.

పాప చెయ్యి గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. రక్తం వచ్చేలా గీరిన రోజు సబ్బుతో పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు డాక్టరుకి చూపించాలి, టీకా వేసిన పిల్లైనా సరే. మీరు డెట్టాల్ రాశామని మాత్రమే రాశారు. మూడు వారాలయ్యింది, చుక్క తింటోంది, బాగానే ఉంది. గీరిన తర్వాత 10 రోజులు పిల్లి ఆరోగ్యంగా ఉంటే ఆ రోజుకి రేబిస్ లేనట్టే లెక్క, కంగారు పడకండి, కానీ పాపని ఒకసారి డాక్టరుకి చూపించి జరిగింది చెప్పండి. ఇంకెప్పుడైనా ఇలా అయితే ప్రభుత్వాసుపత్రిలో టీకా ఉచితంగా వేస్తారు, ఆలస్యం చెయ్యొద్దు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. నాకు మూడు కనిపిస్తున్నాయి.

మొదటిది, నాకు ఎక్కువ ఇష్టమైనది, చుక్కకి ఒక గది. మీ రెండో బెడ్రూములో అత్తగారు పడుకుంటారు కాబట్టి మీ బెడ్రూమే ఇవ్వాల్సొస్తుంది, అది చిన్న విషయం కాదని నాకు తెలుసు. ఆ గదిలో ఒక టబ్బు, దానికి దూరంగా తిండి, ఇంకాస్త దూరంగా నీళ్ళు, బీరువా పైన పక్కకి తిప్పిన అట్టపెట్టె ఒకటి పాత చీర వేసి. అట్టపెట్టెని తేలిగ్గా తీసుకోకండి. 2014లో నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ యూనివర్సిటీ వాళ్ళు షెల్టర్‌కి కొత్తగా వచ్చిన పిల్లుల్లో కొన్నిటికి దాక్కోటానికి పెట్టెలిచ్చి కొన్నిటికి ఇవ్వకుండా చూస్తే, పెట్టె ఉన్నవి త్వరగా కుదుటపడ్డాయి. దాక్కునే చోటు ఉన్న పిల్లే ముందు బయటికొస్తుంది. చుక్కని ఆ గదికి ఎలా తేవాలంటే, పట్టుకుని కాదు, రాత్రి అది దిగే టైముకి పండుని మీ అత్తగారి గదిలోనో పాప దగ్గరో పెట్టి తలుపేసి, బెడ్రూము తలుపు తెరిచి లోపల తిండి పెట్టండి, రెండు మూడు రాత్రులు పట్టొచ్చు. తర్వాత ఒక పది రోజులు రెండూ ఒకదాన్నొకటి చూడకూడదు. చుక్క పడుకున్న గుడ్డ పండు దగ్గర, పండు పడుకున్న గుడ్డ చుక్క దగ్గర పెట్టండి, మూసిన తలుపుకి అటూ ఇటూ ఒకే టైముకి తిండి పెట్టండి. బుసకొట్టకుండా తింటున్నాయనిపించాక తలుపు బెత్తెడు తీసి, ఆ తర్వాత కొంచెం కొంచెంగా పెంచండి. ఇది నెల పట్టొచ్చు, రెండు నెలలు పట్టొచ్చు. ఈ దారిలో మీరు పోగొట్టుకునేది మీ గది, ఓపిక. వచ్చేది ఏంటంటే చుక్క ఎవరో మీకు నిజంగా తెలుస్తుంది.

రెండోది, గది ఇవ్వటం కుదరదనుకుంటే, ఇంట్లో సామాను సర్దుబాటు. టబ్బు, గిన్నెలు వాష్ ఏరియాలోంచి తీసేసి ఒక సెట్టు బాల్కనీలో, ఇంకో సెట్టు అటక దగ్గర హాలు మూల పెట్టండి. రెండు పిల్లులకి మూడు టబ్బులుంటే మంచిదంటారు, కనీసం రెండు వేర్వేరు చోట్ల ఉండాలి, ఒకే చోట పక్కపక్కన పెడితే ఒకటి కిందే లెక్క, ఎందుకంటే పండు ఒక్కచోట కూర్చుంటే రెండూ కాసేసినట్టే. బాల్కనీకి పావురాల నెట్ తప్పకుండా కట్టించండి. అటక దిగటానికి ఫ్రిజ్ కాకుండా ఇంకో దారి, ఒక చెక్క బల్లో పాత పుస్తకాల అలమరో ఇటువైపు జరపండి, అప్పుడు పండు ఒక దారి కాస్తే చుక్క ఇంకో దారిన దిగుతుంది. దీనికి ఖర్చు తక్కువ, ఈ ఆదివారమే చెయ్యొచ్చు, ఇంకో లాభం పిల్లులు వంటింట్లోంచి నడిచే పనే ఉండదు, మీ అత్తగారి బాధ సగం పోతుంది. కానీ భయం బాగా పాతుకుపోయి ఉంటే దీంతో పూర్తిగా సరిపోకపోవచ్చు, మూడు వారాలు చూసి మార్పు లేకపోతే మొదటి దారికే రావాలి. అటక ఇప్పుడు శ్రావణంలో పర్వాలేదు, రోహిణీ కార్తెలో విజయవాడ ఎండకి అక్కడ ఏ ప్రాణీ ఉండలేదు, అప్పటికి కింద ఇంకో ఎత్తైన చోటు అలవాటవ్వాలి.

మూడోది, ఒకదాన్ని తిరిగి ఇవ్వటం. పాపమా అని అడిగారు. కాదమ్మా. పెంచలేకపోతే ఎక్కణ్ణుంచి తెచ్చారో ఆవిడకే చెప్పి అప్పగించటం బాధ్యతగల పనే. పాపం, నేరం ఏంటంటే సంచిలో వేసి కృష్ణ ఒడ్డునో చేపల మార్కెట్ దగ్గరో వదిలేసి రావటం. 1960 జంతు హింస నివారణ చట్టం ప్రకారం ఆకలితో అలమటించేలా జంతువుని వదిలెయ్యటం శిక్షార్హం, మీవాళ్ళెవరైనా ఆ మాటంటే ఇది చెప్పండి. కానీ తిరిగి ఇవ్వాలనుకుంటే ఎవర్ని ఇవ్వాలన్నది మీ ఇంట్లో ఎవరూ ఆలోచించలేదు. చుక్కని ఇస్తే అది మళ్ళీ పధ్నాలుగు పిల్లులున్న గదిలోకి వెళ్తుంది. మీరు రాసిందాన్నిబట్టి అక్కడా అది బీరువా మీదే ఉండేది, వచ్చినవాళ్ళందరూ ఒళ్ళోకొచ్చే పిల్లుల్ని తీసుకెళ్తుంటే అది ఎన్నాళ్ళైనా అక్కడే ఉండిపోతుంది. పండుని ఇస్తే వారంలో ఇంకో ఇల్లు దొరుకుతుంది, ఒక్కడే ఉండే ఇంట్లో రాజాలా బతుకుతాడు, ఇక్కడ చుక్క దిగి రావటానికి అవకాశం ఎక్కువ. కానీ పాప గుండె పగిలిపోతుంది, అది కూడా నిజమే. ఈ మాట మీ ఆయనతో ఒకసారి అని చూడండి, ఇచ్చెయ్యమని కాదు, "దానికి మనం పడలేదు" అన్న మాట సరికాదని ఆయనకి తెలియటానికి.

ఏ దారైనా ముందు చుక్కని డాక్టరుకి చూపించండి. పాస్ బయట పోసే పిల్లికి మూత్రంలో ఇన్ఫెక్షనో రాళ్ళో ఉండొచ్చు, అది తేల్చుకోకుండా సామాను ఎంత జరిపినా లాభం లేదు. గన్నవరం వెటర్నరీ కాలేజీ మీకు దూరం కాదు. పండు విషయంలో కూడా ఒకటి గుర్తుంచుకోండి, మగపిల్లి టబ్బులో కూర్చుని ముక్కుతూ ఒక్క బొట్టు పాస్ కూడా పొయ్యకపోతే అది ఎమర్జెన్సీ, తెల్లారేదాకా ఆగొద్దు. రెండింట్లో ఏదైనా రెండు రోజులు పూర్తిగా తిండి మానేసినా అంతే, పిల్లులకి ఖాళీ కడుపు లివర్‌ని దెబ్బతీస్తుంది.

తిండి అంటే గుర్తొచ్చింది, అత్తగారి మాట మీద పెరుగన్నం, పాలన్నం పెడుతున్నామని రాశారు. ఆవిడ ప్రేమతోనే పెడుతున్నారు, మన ఇళ్ళల్లో తరతరాలుగా పిల్లికి పాలే పోశాం, అయితే ఆ రోజుల్లో పిల్లి ఆ పాలు తాగేసి బయటికెళ్ళి ఎలుకల్ని తినొచ్చేది. తలుపులేసిన ఫ్లాటులో పిల్లికి అది కుదరదు. పిల్లి ఒంటికి టారిన్ అనే పదార్థం కావాలి, అది మాంసం, చేపల్లో ఉంటుంది, అన్నంలో ఉండదు. అది తక్కువైతే చూపు పోతుంది, గుండె కండరం పాడవుతుంది, గుండె సంగతి 1987లోనే తేలింది. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు కూడా. మీ వంటింట్లో కోడిముక్క ఉడకబెట్టమని నేను చెప్పను, అది ఆవిడ ఇల్లు, ఆవిడ నియమం. పిల్లుల కోసమే తయారుచేసే పొడి తిండి ప్యాకెట్లలో టారిన్ కలిపే ఉంటుంది, గాలి చొరని డబ్బాలో పోసి బాల్కనీలో పెట్టండి, గిన్నెలు బయట కుళాయి దగ్గరే మీ ఆయన కడుగుతారు, వంటింటి గడప లోపలికి ఏదీ రాదు. ఇది ముందే ఆవిడకి చెప్పి చెయ్యండి, చాటుగా మాత్రం చెయ్యొద్దు, తెలిసిన రోజు పిల్లుల కంటే మీ ఇద్దరి మధ్యే పెద్ద గొడవవుతుంది.

పురిటి సంగతిలో ఆవిడ భయం ఉత్త చాదస్తం కాదు. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే క్రిమి ఉండే అవకాశం ఉంది, గర్భిణులకి మంచిది కాదు. కాకపోతే అది బయటపడ్డాక కనీసం ఒక రోజు గడిస్తే గానీ అంటుకునే స్థితికి రాదు. అందుకని టబ్బు రోజూ శుభ్రం చెయ్యాలి, మీ ఆడపడుచు దాన్ని ముట్టుకోకూడదు. ఇంట్లోనే ఉండి ప్యాకెట్ తిండి తినే పిల్లులకి అసలు ఆ క్రిమి సోకటమే తక్కువ, మనుషులకి కడగని ఆకుకూరలు, మట్టి చేతులతో కూడా అది వస్తుంది. ఆ అమ్మాయి డాక్టర్నే అడగమనండి, మీ మాట కంటే ఆ మాట ఇంట్లో చెల్లుతుంది. బిడ్డ ఉయ్యాల ఉన్న గది తలుపు వేసే ఉంచాలి, అందులో వాదన లేదు. నల్లపిల్లి అపశకునమని మీ అత్తగారు అంటే మాత్రం ఆవిడకి ఒకటి గుర్తుచెయ్యండి. పసిపిల్లల్ని కాపాడే షష్ఠీదేవికి బెంగాల్ వైపు వాహనం పిల్లే. పురిటింటికి పిల్లి అపశకునం అయితే ఆ తల్లి దాన్నెందుకు ఎక్కుతుంది. పోట్లాటలా కాకుండా ఏ సాయంత్రమో దీపం పెట్టాక నెమ్మదిగా చెప్పండి.

మా ఇంట్లో జరిగింది ఒకటి చెప్పాలి. గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటికి పదేళ్ళ క్రితం ఒక బూడిదరంగు పిల్లి వచ్చింది, నాలుగు నెలలు వాషింగ్ మెషీన్ వెనకే ఉంది. మొదట్లో నేను రోజూ వంగి పిలిచేదాన్ని, చేప ముక్క చూపించేదాన్ని, అది ఇంకా లోపలికి పోయేది. విసిగిపోయి పిలవటం మానేశాను. ఒక మధ్యాహ్నం హాల్లో పేపరు పరుచుకుని గోంగూర వలుస్తున్నాను, ఆకు ఇటు, కాడ అటు, నా ధ్యాసంతా దానిమీదే. కాసేపటికి పేపరు అంచు కదిలినట్టయ్యింది. చూస్తే కాడల కుప్ప పక్కన, నాకు వీపు పెట్టి కూర్చుని ఉంది, తోక చుట్టూ సర్దుకుని. నేను ఊపిరి బిగబట్టి ఇంకో పది నిమిషాలు అవే ఆకులు అటూ ఇటూ వేస్తూ కూర్చున్నాను. మనకి వీపు పెట్టి కూర్చుంది అంటే నువ్వు వెనకనుంచి నన్నేం చెయ్యవని నమ్మినట్టు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు బతికింది, ఒక్కసారి కూడా ఒళ్ళోకి రాలేదు, నేను ఏ గదిలో ఉంటే ఆ గదిలో ఉండేది. అదే దాని ప్రేమ. చుక్క కూడా చివరికి ఒళ్ళో కూర్చునే పిల్లి అవ్వకపోవచ్చు, గది దాకానే వచ్చి ఆగిపోవచ్చు, అది మీకూ పాపకీ సరిపోతుందా అని ఇప్పుడే మనసులో అడిగి చూసుకోండి.

పాపకి ఏం చెప్పాలని అడిగారు కదా. ఇష్టం లేదని చెప్పొద్దు, ఇష్టమేనని అబద్ధమూ చెప్పొద్దు, చుక్క ఇంకా చూస్తోంది అని చెప్పండి. ఆ తర్వాత పాపకో పని ఇవ్వండి. రోజూ పావుగంట చుక్క ఉన్న చోట నేల మీద కూర్చుని, పైకి చూడకుండా, తెలుగు వాచకం గట్టిగా కాకుండా మామూలు గొంతుతో చదవాలి. ఎప్పుడైనా కళ్ళు కలిస్తే తదేకంగా చూడకూడదు, నిద్రొస్తున్నట్టు నెమ్మదిగా కళ్ళు మూసి తెరవాలి. 2020లో ఇంగ్లండ్‌లో ససెక్స్ యూనివర్సిటీ వాళ్ళు చూశారు, మనిషి అలా చేస్తే పిల్లులు కూడా తిరిగి కళ్ళు సన్నం చేస్తున్నాయట, అలా చేసిన కొత్తవాళ్ళ దగ్గరికి రావటానికి కూడా ఎక్కువ ఇష్టపడ్డాయట. చెయ్యి మాత్రం చాపకూడదు, అది వచ్చి వేలు వాసన చూసేదాకా. ఇంకొకటి కూడా చూడమనండి, చదువుతున్నప్పుడు చుక్క మొహం గోడ వైపే ఉన్నా చెవి ఒక్కటి ఇటు తిరుగుతుందేమో. తిరిగితే చుక్క పాఠం వింటున్నట్టే. ఏ పాఠానికి తిరిగిందో నాకు రాయమనండి.